పొద్దున తొమ్మిదికి వచ్చే వీడియో

దగ్గరికి జరిగి కూర్చోండి. కుర్చీలు అక్కర్లేదు, ఈ చాప చాలు. కాళ్ళు బారజాపుకున్నా నేనేమీ అనుకోను. ఉద్యోగమంతా నిలబడి చేసినదాన్ని, కాళ్ళ కష్టం నాకు తెలుసు.

కాలేజీలో అటెండరుగా కొత్తగా చేరిన ఆడపిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, "ఎస్తేరక్కా, ఆడ ఇన్నేండ్లు ఎట్ల నెగ్గుకొచ్చినావు?" అని అడుగుతుంటారు. వచ్చిన ప్రతి పిల్లకూ మొదటినుంచి చెప్పి చెప్పి నా గొంతు అరిగింది. అందుకని ఈసారి రాసి పెడుతున్నాను, చదివేవాళ్ళూ ఈ చాప మీద కూర్చున్నట్టే అనుకోండి. నేను చదివింది ఐదో తరగతి. నా అక్షరాలు వంకరగా ఉంటాయి, జ్ఞాపకం మాత్రం సూటిగానే ఉంది. అటెండరుకు ప్రమోషన్లు ఉండవు కాబట్టి వాటి గురించి చెప్పి మీ పొద్దు పాడుచేసే పని నాకు లేదు.

పని అంటే ఇది

మా కాలేజీ పాకాల నుంచి చిత్తూరు పోయే దారిలో ఉంది. నేను చేరినప్పుడు అది డిగ్రీ కాలేజీ. తరవాత ఇంజనీరింగు కాలేజీ అయింది, ఆ తరవాత యూనివర్సిటీ అయింది. పేరు పొడుగయ్యే కొద్దీ గేటు మీది అక్షరాలు చిన్నవవుతూ వచ్చాయి. ఇప్పుడు బస్సులోంచి చూస్తే చదవలేం. గదులు మాత్రం పాతవే.

గదులు తెరవాలి, ఊడవాలి, బెంచీలు సర్దాలి, గంట కొట్టాలి, మీటింగుల్లో టీలు అందించాలి. అన్నిటికన్నా ముఖ్యం బోర్డు తుడవడం. పొడిగుడ్డతో తుడిస్తే సుద్ద దుమ్ము సార్ల ముక్కుల్లోకి పోతుంది. తడిగుడ్డతో తుడిస్తే ఆరేదాకా సుద్దముక్క రాయదు. గుడ్డను గట్టిగా పిండి, పైనుంచి కిందికి, పిల్లలు రాకముందే తుడవాలి. ఇది మీకు ఎవరూ చెప్పరు. చెప్పకుండానే తప్పు పడతారు.

ఇక పై అధికారుల సంగతి. నేను చూసినవాళ్ళలో కొందరు రాగానే గోడలకు రంగు మార్పిస్తారు. ఇంకొందరు గోడల జోలికి పోకుండా మనుషులను మారుస్తారు. రంగులు మార్పించేవాళ్ళు మంచివాళ్ళు, వాళ్ళతో మనకు పని ఎక్కువే గానీ భయం ఉండదు. హైదరాబాదు నుంచి వచ్చిన మా డైరెక్టరు గారు ఈ రెండు రకాల్లోనూ చేరరు. ఆయన ఏకంగా క్లాసునే తిప్పేశారు.

ఆ తిప్పుడు కథే మీకు చెప్పబోతున్నాను. నా ఉద్యోగంలో నేర్చుకున్నదంతా దాంట్లోనే ఉంది.

డైరెక్టరు గారి టీ

ఒకరోజు లెక్కల సార్లకూ మేడమ్లకూ మీటింగు పెట్టారు. నేను టీ పళ్ళెం పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాను.

"ఇన్నాళ్ళూ మనం పాఠం క్లాసులో చెప్పాం, లెక్కలు ఇంటి దగ్గర చేసుకోమన్నాం. ఇక నుంచి తిరగేస్తున్నాం. పాఠం వీడియోలో ఉంటుంది. పిల్లలు హాస్టల్లోనో ఇంట్లోనో చూసి వస్తారు. క్లాసులో లెక్కలు చేస్తారు. దీన్ని ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్ అంటారు. ప్రపంచమంతా ఇటే పోతోంది" అన్నారు డైరెక్టరు గారు.

వెనక కుర్చీలోంచి ఆచార్లు సారు చెయ్యెత్తారు. ఈయన తిరుపతిలో గుడి కొలువు చేసే ఇంటి మనిషి. నుదుట సన్నటి తిరుచూర్ణం, చొక్కా మీద ఎప్పుడూ తెల్లటి సుద్ద. రోజూ ప్యాసింజరు బండిలో పాకాలకు వచ్చి, అక్కడినుంచి కాలేజీ బస్సెక్కుతారు. రిటైరయ్యే వయసు ఎప్పుడో దాటింది. ఏటేటా పొడిగిస్తూ వస్తున్నారు.

"పాఠం ఇంట్లో, లెక్కలు ఇక్కడ. బాగుండాది సార్. మరి నేను యాడుండాల?" అని అడిగారు.

అందరూ నవ్వారు. డైరెక్టరు గారూ నవ్వారు గానీ జవాబు మాత్రం సూటిగానే చెప్పారు. "అదే తేల్చుకుందాం. మొదటి సంవత్సరం ఏ సెక్షనుకు కొత్త పద్ధతిలో ప్రసన్నగారు చెప్తారు. బి సెక్షనుకు పాత పద్ధతిలో మీరు చెప్పండి. సెమిస్టరు చివర మార్కులు పక్కపక్కన పెట్టి చూద్దాం. ఏ పద్ధతి ఓడిపోతే అది ఆగిపోతుంది. ఆ పద్ధతిలో చెప్పేవారి అవసరం కూడా..."

అంతవరకు వచ్చి ఆగి టీ అందుకున్నారు. మిగతా మాట టీతోపాటు లోపలికి పోయింది. అయినా అందరికీ వినిపించింది.

ఆచార్లు సారుకు ఆ ఉద్యోగం జీతం కోసం అక్కర్లేదు. ఇంట్లో ఆయనా, చెవులు బొత్తిగా వినపడని ఆయన అన్నగారూ, ఇద్దరే ఉంటారు. క్లాసు పోతే ఆ మనిషి నోటి మాట వినేవాళ్ళు లోకంలో ఉండరు. ఇది ఆయన ఎవరికీ చెప్పలేదు. ఒకసారి సెలవుల తరవాత నేను గది తాళం తీస్తుంటే, "ఎస్తేరమ్మా, ఈ నెలంతా నేను మాట్లాడింది నాకే వినబడింది" అన్నారు. నాకు ఆ ఒక్క మాట చాలింది.

చక్రాల బల్లలు

ప్రసన్న మేడం చిత్తూరు పక్కన మామిడి తోటల ఇంటి పిల్ల. చురుకైన మనిషి. కొత్తగా చేరింది, ఇంకా పర్మనెంటు కాలేదు. పాపం ఆమెకూ భయమే. ఆమె కోసం ఒక గదిలో బెంచీలన్నీ పీకించి చక్రాల బల్లలు వేయించారు. పిల్లలు గుంపులుగా కూర్చుని, కావాలంటే ఆ గుంపును ఈ గుంపు దగ్గరికి తోసుకోవచ్చట. బోర్డు కూడా తీసేయించారు. చెప్పేది లేనప్పుడు బోర్డెందుకని డైరెక్టరు గారి మాట.

ఆ గది ఒకప్పుడు హాస్టలు వంటగది. గిన్నెలు కడిగిన నీళ్ళు పోవడానికి నేలను ఒక మూలకు వాలుగా పోశారు. ఈ సంగతి బల్లలు కొన్నవాళ్ళకు తెలియదు, బల్లలకు తెలిసింది. మొదటి రోజు పిల్లలు మోచేతులు ఆనించి కూర్చోగానే ఒక్కొక్క గుంపే మెల్లగా జారుతూ మూలకు పోయి చేరింది. క్లాసు సగం అయ్యేసరికి సెక్షనంతా ఒకే మూలలో కుప్పగా ఉంది.

"ఏందప్పా ఇది, అందురూ నా మింద అలిగి ఆడికి పోయినారా?" అంది మేడం.

"మేము పోలేదు మేడం, బల్లే తోడుకోని పోతాండాది" అన్నాడొకడు.

చక్రాల కింద చెప్పులు అడ్డం పెట్టి నిలబెట్టాం. యూనివర్సిటీలో కొత్త చదువు అలా పిల్లల చెప్పుల మీద నిలబడింది.

అది నవ్వుకునే కష్టం. అసలు కష్టం వేరే ఉంది. "వీడియో చూసి వచ్చినారా?" అని మేడం అడిగితే గది మొత్తం "చూసినాం మేడం" అనేది. లెక్క ఇస్తే ఒక్కరి కలమూ కదిలేది కాదు. "చూసినోళ్ళు ఇట్లనా చేసేది?" అని మేడం తల పట్టుకునేది. పిల్లలు బల్లల వంక చూసేవాళ్ళు.

ఇనప పెట్టె

తడ నుంచి వచ్చిన లావణ్య అనే పిల్ల ఏ సెక్షనులో ఉండేది. తమిళనాడు సరిహద్దు ఊరు కదా, మాట్లాడుతూ మాట్లాడుతూ అరవంలోకి జారి మళ్ళీ తెలుగులోకి వచ్చేది. ఒకరోజు వరండాలో నీళ్ళు పట్టుకుంటూ ఏడుపు ముఖంతో కనపడింది.

"ఏం మే, ఇంటికాడ బాగుండారు కదా?"

"ఇంటికాడ బాగానే ఉండారక్కా. ఈడనే బాగలేదు. వీడియో చూడకుండా వచ్చినామని తెలిస్తే మేడం ఏమంటాదో."

"చూడొచ్చు కదమ్మే?"

"యాడ చూసేది? సాయంత్రం హాస్టలుకు రాంగానే వార్డెను ఫోన్లన్నీ వాంగుకోని ఇనప పెట్టెలో బీగం వేసేస్తాడు. పొద్దున టిఫిను కాడ ఇస్తాడు. వీడియో చూడాల సార్ అని అడిగితే, 'ఏం వీడియో మే? నాకు తెలీని వీడియోనా?' అంటాడు. అందురూ నగినారు. మళ్ళీ అడగలేదు."

మీకు నవ్వొస్తుందేమో గానీ, ఆ పెట్టె ఆర్డరు మీదా, వీడియో ఆర్డరు మీదా సంతకం పెట్టింది ఒకే చెయ్యి. పిల్లలు ఫోన్లతో చెడిపోతున్నారని పోయిన ఏడు పెట్టె పెట్టించారు. పిల్లలు ఫోన్లతో బాగుపడాలని ఈ ఏడు వీడియోలు పెట్టించారు. ఆ రెండు కాగితాలు ఒకదానికొకటి ఎదురుపడలేదు, అంతే. ఇళ్ళనుంచి వచ్చే పిల్లలకు వాళ్ళ పల్లెల్లో సిగ్నలు లేదు, బస్సులో చూద్దామంటే, కొండల మధ్య దారిలో తెర మీద చక్రం తిరుగుతూ ఉండేది గానీ బొమ్మ కదిలేది కాదు.

లావణ్య ముఖం తుడుచుకుని మెల్లగా అడిగింది. "అక్కా, పొద్దున తొమ్మిదికి మాకు లైబ్రరీ గంట, ఆడ ఫోను తీయనీరు. ఆ టైములోనే ఆచార్లు సారు బి సెక్షనుకు అదే పాఠం చెప్తాడంట. మేము వెనకాల గమ్మున కూర్చుంటే ఏమన్నా అంటాడా?"

"ఆయన బోర్డు తట్టు తిరిగితే మళ్ళీ గంట కొట్టినాకనే మే ఈ తట్టు తిరిగేది. పోయి కూర్చోండి" అన్నాను.

తలుపు తీయడం అటెండరు పని. లోపలికి ఎవరు పోతున్నారో అడగడం మన పని కాదు. ఈ తేడా గుర్తుంచుకోండి, చాలా తలనొప్పులు తగ్గుతాయి.

వెనక బెంచీలు

మొదట లావణ్యతో ఇద్దరు ముగ్గురు పోయారు. తరవాత గుంపు పోయింది. తరవాత లైబ్రరీలో పుస్తకాలు తప్ప ఎవరూ మిగల్లేదు. హాజరు గేటు దగ్గర వేలిముద్ర మిషనులో పడిపోతుంది కాబట్టి గదిలో పేర్లు పిలిచేవాళ్ళు లేరు. ఆచార్లు సారు పదో నంబరు గది డిగ్రీ కాలేజీ నాటిది, ఎంతమంది వచ్చినా పట్టేది.

ఆయన పాఠం నేను వరండాలోంచి విన్నాను. లెక్క నాకు అర్థం కాదు, ఆ గొంతు మాత్రం అర్థమయ్యేది. ప్రతి మెట్టు దగ్గరా ఆగి, "ఇప్పుడేం చేస్తాం?" అని బోర్డునే అడిగి, బోర్డు చెప్పకపోతే తానే చెప్పేవారు. ఉన్నమాట చెప్పాలంటే ఆయనకో లోపం ఉంది. పాఠం చెప్పిన తృప్తిలో గంట అయిపోయేది, పిల్లల చేత ఒక్క లెక్కా చేయించేవారు కారు. "ఇంటికాడ చేసుకోండప్పా" అని సుద్ద దులుపుకుని వెళ్ళిపోయేవారు. పిల్లలు హాస్టలుకు పోయి కూర్చుంటే రెండో మెట్టు దగ్గరే ఆగిపోయేవాళ్ళు. అడగడానికి మనిషి లేడు, ఫోను పెట్టెలో ఉంది.

బి సెక్షనులో చెంగల్రాయులు అని గట్టిగొంతు పిల్లవాడు ఉండేవాడు. లావణ్యను పట్టుకుని, "మీరు మా క్లాసులో కూర్చుంటాండారు కదా, మద్దేనం మేము మీ క్లాసులోకి వస్తాం. మాకు ఆటల గంట. చెల్లుకు చెల్లు" అన్నాడు. అప్పటినుంచి ఆటస్థలంలో కాకులు ఆడుకునేవి. పిల్లలంతా చక్రాల బల్లల చుట్టూ ఉండేవాళ్ళు.

మేడం కొత్త మనిషి, అందరి ముఖాలూ తెలియవు. గుంపులు పెద్దవవుతుంటే కొత్త పద్ధతి మహిమ అనుకుంది కొన్నాళ్ళు. ఒక మధ్యాహ్నం చెంగల్రాయులు లెక్క చేస్తూ, అలవాటు కొద్దీ గొంతు సాగదీసి "ఇప్పుడేం చేస్తాం?" అని పైకే అన్నాడు. గదంతా ఘొల్లుమంది. మేడం వాడి దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఏమప్పా, నువ్వు ఆచార్లు సారు పిల్లోడివి కదా?"

"అవును మేడం. పొద్దున ఆయన పిల్లోడిని. మద్దేనం మీ పిల్లోడిని."

మేడం వాడి నోటుబుక్కు తిప్పి చూసింది. తరవాత, "సరే, ఆ మెట్టు ఎట్లొచ్చిందో మీ గుంపుకు చెప్పు" అంది. బయటికి వచ్చి నాతో, "ఎస్తేరక్కా, పాత బోర్డు ముక్క యాడన్నా దొరుకుతాదా? చిన్నదైనా సరే. ఇంకోమాట, బి సెక్షనోళ్ళు ఈడికి వస్తాండారని ఆచార్లు సారుకు చెప్పొద్దు. అవమానం అనుకుంటాడు" అంది.

సారు గదిలో ఇలాంటిదే అంతకు ముందే జరిగిపోయింది. వెనక బెంచీ నుంచి ఒక పిల్ల, "సార్, ఆ గుర్తు యాల మారింది?" అని అడిగింది. ఆయన ఎన్నడూ లేనిది బోర్డు వదిలి వెనక్కి తిరిగారు.

"పేరేమమ్మా?"

"లావణ్య సార్."

"ఏ సెక్షను?"

పిల్లలంతా లావణ్య వంక తిరిగారు. నేను తలుపు దగ్గరే ఉన్నాను. ఆ పిల్లను బయటికి పంపితే ఆయనదే గెలుపు. అవతలి సెక్షను పిల్లలు వీడియోలు చూడటం లేదని ఆ ఒక్క మాటతో తేలిపోతుంది. ఆయన ఉద్యోగం నిలబడుతుంది.

"'ఏ' సెక్షను సార్" అంది లావణ్య, వినీ వినపడకుండా.

సారు కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. సుద్ద అంటి అవి ఇంకా మసకయ్యాయి. "అయితే ఇంకొక తూరి చెప్పాల్సిందే. వీడియోలు చూసే వాళ్ళు కదా, వెనక్కి తిప్పి చూసే అలవాటు మీకు" అన్నారు. పిల్లలు నవ్వారు. ఆయన మొదటి మెట్టు నుంచి మళ్ళీ ఎత్తుకున్నారు.

క్లాసయ్యాక వరండాలో నన్ను పిలిచారు. "ఎస్తేరమ్మా, వెనకాల ఇంకా బెంచీలెయ్యి. పిల్లోళ్ళు కిటికీ గట్టు మింద కూర్చోనుండారు. మేడంతో మాత్రం అనొద్దు. చిన్నపిల్ల, నొచ్చుకుంటాది."

అలా ఇద్దరి రహస్యమూ నా దగ్గరే పెట్టారు. రెండూ ఒకటే రహస్యమని ఇద్దరికీ తెలియదు. వరండాలో ఎదురుపడితే ఒకరినొకరు మాటలతో పొడుచుకునేవాళ్ళు.

"ఏమ్మా, తలకిందుల తరగతి ఎట్లుండాది?" అని సారు.

"బాగుండాది సార్. మీ హరికథ యాడిదాకా వచ్చింది?" అని మేడం.

ఇద్దరూ నవ్వుతూ వెళ్ళేవాళ్ళు. ఇద్దరికీ లోపల భయమే. సెమిస్టరు పరీక్షలు దగ్గర పడుతున్నాయి కదా.

శాలువా పళ్ళెం

మార్కులు వచ్చాయి. డైరెక్టరు గారు పెద్ద హాలులో సభ పెట్టి, తెర మీద రెండు సెక్షన్లకు రెండు రంగుల గీతలు నిలబెట్టి చూపించారు. కవల పిల్లలను పక్కపక్కన నిలబెట్టినట్టు రెండూ ఒకే ఎత్తు. ఆయన మిషను బాగాలేదేమోనని ఒకసారి ఆపి మళ్ళీ వేశారు. మళ్ళీ అంతే.

నా చేతిలో పళ్ళెం ఉంది. పళ్ళెంలో శాలువా, దండ. పొద్దునే కొనుక్కొచ్చారు. మార్కులు సాయంత్రం చూడాల్సి ఉంటే శాలువా పొద్దున ఎందుకు కొన్నారో నేను అడగలేదు. అది ఎవరి కొలతకు కొన్నదో అందరికీ తెలుసు.

"రెండూ సమానం. అంటే పద్ధతుల మధ్య తేడా లేదు. తేడా లేనప్పుడు రెండూ నడపడం దండగ. వీడియోలు ఎలాగూ కొన్నాం కాబట్టి వాటినే కొనసాగిద్దాం. ఆచార్యులుగారు చేసిన సేవకు ఈ సందర్భంగా..." అంటూ నా వైపు చూశారు.

నేను ఒక అడుగు వేశాను. ఆచార్లు సారు లేచి నిలబడ్డారు. చొక్కా మీది సుద్దను దులుపుకున్నారు. ప్రసన్న మేడం తల వంచుకుంది. గెలిచిన మనిషి ముఖం అలా ఉండదు.

అప్పుడు డైరెక్టరు గారికి పేపరుకు పిల్లలతో ఫోటో కావాలని గుర్తొచ్చింది. "ముందు ఏ సెక్షను వాళ్ళు ఒకరు వచ్చి వీడియోల గురించి రెండు ముక్కలు చెప్పండి" అన్నారు. ఆ ఒక్క మాట అడగకుండా ఉంటే కథ అక్కడితో ముగిసేది.

లావణ్య వచ్చి మైకు పట్టుకుంది. "వీడియో వల్లనే మేము పాసయినాం సార్."

"వెరీ గుడ్. ఎక్కడ చూసేవాళ్ళమ్మా?"

"పదో నంబరు గదిలో సార్. పొద్దున తొమ్మిదికి వస్తాది. మద్దెలో ఆపమంటే ఆగుతాది. అర్థం కాలేదంటే మళ్ళీ మొదుట్నించీ చెప్తాది. రైలు లేటయిన దినం మాత్రం లేటుగా వస్తాది."

"ఏ వీడియో అది?"

లావణ్య చెయ్యి చాపి ఆచార్లు సారును చూపించింది.

హాలు పగిలిపోయింది నవ్వులతో. చెంగల్రాయులు లేచి మైకు లేకుండానే అరిచాడు. "మాకు పాఠం ఆ సారు దగ్గర, లెక్కలు ఈ మేడం తావ సార్! ఒకరు లేకుంటే ఇంకొకరు ఉండీ ఉపయోగం లేదు!"

డైరెక్టరు గారు నవ్వలేదు. "ఫోన్లలో ఎందుకు చూడలేదు?" అన్నారు. ఇనప పెట్టె కథ బయటికి వచ్చింది. "ఆ పెట్టె ఎవరి ఆర్డరు?" అని గట్టిగా అడిగారు. వార్డెను లేచి, చేతులు కట్టుకుని, ఎంతో వినయంగా, "మీదే సార్" అన్నాడు.

ఆచార్లు సారూ, ప్రసన్న మేడమూ అప్పుడు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"నీకు తెలుసునా?" అన్నారు సారు.

"మీకూ తెలుసునా?" అంది మేడం.

పై అధికారి ఎందుకు పై అధికారి అవుతాడో నాకు ఆ రోజే అర్థమైంది. డైరెక్టరు గారు నీళ్ళు తాగి, గొంతు సవరించుకుని, "నేను మొదటినుంచీ చెప్పాలనుకున్నది ఇదే. ఇది మిశ్రమ పద్ధతి. మన యూనివర్సిటీలోనే పుట్టింది" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టేదాన్ని గానీ చేతుల్లో పళ్ళెం ఉంది.

అంతటితో వదల్లేదు. "కానీ ఆచార్యులుగారు ఎల్లకాలం ఉండరు కదా. వారి పాఠాలన్నీ రికార్డు చేద్దాం. రికార్డింగు పూర్తయ్యేదాకా వారు ఉంటారు. బాగా వచ్చిందీ లేనిదీ ప్రసన్నగారు చూసి చెప్పాలి. ఆమె పూర్తయిందనగానే వీడ్కోలు సభ పెట్టుకుందాం" అని లేచారు. మిశ్రమ పద్ధతి కనిపెట్టినందుకు మేడంను పర్మనెంటు చేశారు. శాలువా పళ్ళెంతో సహా బీరువాలోకి పోయింది.

పూర్తికాని పని

ఒక గదికి పచ్చగుడ్డ కట్టి, దీపాలు పెట్టి, ఆచార్లు సారును మధ్యలో నిలబెట్టారు. కెమెరా అబ్బాయి "చెప్పండి సార్" అన్నాడు. సారు చుట్టూ చూశారు.

"ఎవురికి చెప్పాల?"

"కెమెరాకు సార్."

"దానికి అర్థమయిందో లేదో నాకెట్ల తెలిసేది నాయనా?"

బోర్డు తెచ్చాం. నేను తుడిచి ఇచ్చాను. అయినా ఆయనకు మాట పడలేదు. చివరకు పిల్లలను తెచ్చి కెమెరా వెనక కూర్చోబెట్టాం. అప్పుడు మొదలైంది పాఠం. పిల్లలన్నాక అడ్డం తగులుతారు, అడుగుతారు, తుమ్ముతారు, సారు మళ్ళీ మొదటికి పోతారు. రికార్డింగు గది పదో నంబరు గది అయిపోయింది.

డైరెక్టరు గారు చూసి, "పాఠం బాగుంది, ఆ డౌట్లు తీసేయండి" అన్నారు. తీసేస్తే జవాబులు గాల్లో వేలాడాయి. మేడం చూసి, "సరిగా రాలేదు సార్, మళ్ళీ తీయాల" అని చెప్పింది. మళ్ళీ తీశారు. ఈలోగా కొత్త పిల్లలు చేరారు, వాళ్ళ డౌట్లు వేరు. "ఇంకా సరిగా రాలేదు" అంది మేడం. వీడియో చూసుకోమని హాస్టల్లో పెట్టె కూడా కాసేపు తెరుస్తున్నారు ఇప్పుడు. ఆ కాసేపట్లో పిల్లలు ఏం చూస్తున్నారో నేను రాయను.

ఒకరోజు నేనే అడిగాను. "ఏం మేడం, అంత బాగా చెప్తాంటే ఎప్పుడు చూసినా బాగా రాలేదంటావు?"

ఆమె తలుపు దగ్గరగా వేసి చెప్పింది. "ఆయన చెప్పకుంటే నేను ఎవురి చేత లెక్కలు చేయించేది అక్కా? ఊరక చేతులు కట్టుకోని కూర్చోవాల. ఇంకోటి, బాగా వచ్చిందని నేను అన్న దినం ఆ బీరువా తెరుస్తారు."

బీరువా తెరిచారు, నా కోసం. నేను రిటైరయిన రోజు కొత్త శాలువా కొనడం మరిచిపోయారు. హడావుడిగా ఆ పాతదే తీసి నాకు కప్పారు. ఆచార్లు సారు దగ్గరికి వచ్చి అంచు పట్టుకుని చూశారు.

"ఇది నాకు కొనింది కదా ఎస్తేరమ్మా! రేపు నా రికార్డింగు అయిపోతే నాకేం కప్పుతారు?"

పక్కనుంచి మేడం అందుకుంది. "అందుకే కదా సార్, అయ్యేదానికి లేదు."

ఇప్పటికీ ఆయన ప్యాసింజరు బండి దిగి, తొమ్మిదికల్లా పదో నంబరు గదికి వస్తున్నారని కొత్త పిల్లలు చెప్తున్నారు. రికార్డింగు జరుగుతోందట. కెమెరా పాడయి చాలా కాలమైందట. ఎవరూ దాన్ని బాగు చేయించలేదు.

తిప్పిన క్లాసు మంచిదా, తిప్పనిది మంచిదా అని మీరు నన్ను అడుగుతారేమో. డైరెక్టరు గారు అంత పెద్ద తెర వేసి చూసినా తేలలేదు, నేనెంతదాన్ని? ఆయనకు తెర మీద రెండు గీతలు కనిపించాయి. నాకు రెండు గదుల మధ్య వరండాలో అటూ ఇటూ పరుగెత్తే పిల్లలు కనిపించారు. మీరు ఆ వరండాలోనే పనిచేయబోతున్నారు. బోర్డు వేళకు తుడవండి. తలుపు వేళకు తీయండి. వెనకాల ఒక బెంచీ ఎప్పుడూ ఎక్కువే వేసి ఉంచండి, ఎవరి కోసమని అడగొద్దు.

పొద్దుపోయింది, లేవండి. ఈ శాలువా మీద చెయ్యి పెట్టి చెప్తున్నాను. మీ ఇంట్లో చదువుకునే బిడ్డకు విసుక్కోకుండా రెండోసారి చెప్పే మనిషి దొరకాలి. మీ ఇంట్లో పెద్దవాళ్ళ మాట వినేదానికి ఒక చెవి ఎప్పుడూ ఉండాలి. మీ పొయ్యి ఆరకుండా, మీ కుండ ఎండకుండా, వచ్చిపోయేవాళ్ళ చెప్పులతో మీ గడప ఎప్పుడూ నిండుగా ఉండాలి. పోయి రండి తల్లీ, సల్లగా ఉండండి.